అపార్ట్‌మెంట్‌లో కుక్క: సైజు సంగతి తర్వాత, ముందు ముక్కు చూడండి

"అక్కా, మా పాప బర్త్‌డేకి కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నం. మాది టూ బీహెచ్‌కేనే కదా, చిన్నగుండే బ్రీడ్ ఏదన్న చెప్పు. పగ్ అయితే మంచిగుంటదా?"

పోయిన వేసవికి ముందు మా కింది ఫ్లోర్ అమ్మాయి అడిగిన మాట ఇది. హైదరాబాద్ మియాపూర్‌లో మేమీ అపార్ట్‌మెంట్‌కి వచ్చి పద్నాలుగేళ్లయింది. మొదట్లో మా ఇంట్లో లాబ్రడార్ ఉండేది. ఇప్పుడు మా సందు చివర పుట్టిన ఇండీ, అంటే మన వీధుల్లో తిరిగే దేశవాళీ కుక్క, ఉంది. అందుకని కుక్క కావాలనుకున్నవాళ్లు ముందు నా దగ్గరికే వస్తారు. అందరి మనసులోనూ ఒకటే లెక్క: ఇల్లు చిన్నది, కాబట్టి కుక్క కూడా చిన్నదైతే చాలు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ లెక్క నమ్ముకుని తెచ్చిన కుక్కలు మన ఎండాకాలంలో ఎంత బాధపడతాయో దగ్గర్నుంచి చూశాను. అందుకే ఇదంతా విడమర్చి చెప్పాలనిపించింది.

ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులన్నది కుక్కకు పట్టదు. ఎదిగిన కుక్క ఇంట్లో ఉన్నంతసేపూ ఎక్కువగా చేసేది నిద్రపోవడమే. 50 కిలోలు దాటే గ్రేట్ డేన్ పూటంతా ఒక పరుపు మీద గడిపేయగలదు. ఆరేడు కిలోలుండే జాక్ రసెల్ టెర్రియర్ మాత్రం నక్కలను కలుగుల్లోంచి బయటికి తరమడానికి తయారుచేసిన రకం. దానికి పని చూపించకపోతే సోఫా చీల్చి పని కల్పించుకుంటుంది. ఈ ఊళ్లో కుక్క సుఖపడుతుందా లేదా అన్నది ముందు ఎండ తేలుస్తుంది. తర్వాత దాని గొంతు. అన్నిటికీ మించి, మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంట్లో ఎవరుంటారన్నది.

ఎండ, ముక్కు, బొచ్చు

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల మెత్తల్లో, అది ఒంటిని చల్లబరచడానికి ఏ మూలకూ చాలదు. అది చల్లబడేది రొప్పడం వల్ల. నాలుక బయటపెట్టి గబగబా ఊపిరి తీస్తున్నప్పుడు నోట్లో, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరై వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. పొడుగు మూతి ఉన్న కుక్కకు ముక్కు లోపల పలుచటి ఎముకలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. వాటి మీద తడి పొర పరుచుకుని ఉంటుంది కాబట్టి గాలి తగిలే చోటు చాలా ఎక్కువ.

మనుషులు ముద్దొస్తుందని తరతరాలుగా మూతి కురచగా ఉన్నవాటినే ఎంచి జతకట్టిస్తూ పోతే వచ్చినవి పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్ లాంటివి. ఎముక అయితే కురచైంది గానీ లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. మెత్తటి అంగిలి పొడుగై గొంతుకు అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుపోతాయి. ఎండలో అది బలంగా రొప్పాలని చూసేకొద్దీ గొంతు లోపల వాచిపోతుంది, వాచేకొద్దీ గాలి ఇంకా తక్కువ వెళ్తుంది. చాలామంది మురిసిపోయే ఆ గురక నిజానికి ఊపిరి అందక వచ్చే చప్పుడు.

మా మూడో ఫ్లోర్‌లో ఒక పగ్ ఉండేది. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. మా జెనరేటర్ లిఫ్టుకీ కారిడార్ లైట్లకీ మాత్రమే. ఇంట్లోవాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. సామాన్లు కడగడానికి వచ్చిన పనమ్మాయి తలుపు తీసి, కేకలు వేస్తూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. వెళ్లి చూస్తే హాల్లో టైల్స్ మీద నాలుగు కాళ్లూ చాపుకుని పడి ఉంది. నాలుక ఇటుక రంగులోకి తిరిగింది. చొంగ చిక్కగా తీగలు సాగుతోంది, ఊపిరి రంపం కోసినట్టు వినిపిస్తోంది. బాత్రూమ్‌లోకి ఎత్తుకెళ్లి కుళాయి తిప్పితే నీళ్లు చేయి కాలేంత వేడి. పైన ట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలో ఉంది కదా. వంటింట్లో కుండలో నీళ్లుంటే అవన్నీ పొట్టకింద, తొడల మధ్య, మెడ చుట్టూ పోశాం. నేను మా ఇంటి నుంచి ఫ్రిజ్ బాటిళ్లు తెచ్చి బకెట్ నీళ్లలో కలిపాను. పూర్తిగా తడిపాకే ఆటో ఎక్కించాం. డాక్టర్ థర్మామీటర్ పెట్టి చూస్తే 107. మామూలుగా కుక్క ఒళ్లు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. 106 వరకూ వెళ్లిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలైనట్టే. అది బతికింది. ముందు తడపకుండా నేరుగా తెచ్చుంటే దక్కేది కాదని డాక్టర్ అన్నారు. ఏ జాతి కుక్కనైనా పెంచేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ముందు నీళ్లు, ఫ్యాన్ గాలి. తర్వాతే ఆస్పత్రికి ప్రయాణం.

మన దేశంలో పగ్ ఇంటింటికీ రావడానికి 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన పెద్ద కారణం. ఆ పిల్లాడి వెంట నడిచిన కుక్కను చూసి ఎంతమంది తెచ్చుకున్నారో లెక్కలేదు. నెదర్లాండ్స్‌లో అయితే 2019 నుంచి మూతి మరీ కురచగా ఉన్న కుక్కలను జతకట్టించడం మీద ఆంక్షలున్నాయి. అది చల్లటి దేశం. 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఉన్న మనం మాత్రం "పంచ్ ఫేస్" అంటే చాలు, ఎక్కువ డబ్బులు పెట్టి కొంటున్నాం. అమ్మేవాళ్ల భాషలో పంచ్ ఫేస్ అంటే మూతి ఎంత లోపలికి నొక్కుకుపోతే అంత గొప్ప. కొనేవాళ్లు దాన్ని తిరగేసి చదువుకోవాలి. షిట్జూది కూడా ఇదే కుటుంబం, మొహం మీద జుట్టు కమ్మేయడం వల్ల మనకు తెలియదంతే. దానికి రోజూ దువ్వాలి, ఉబ్బెత్తు కళ్లను రోజూ తుడవాలి. ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉండి, వేసవిలో ఒక గది చల్లగా ఉంచగలిగితే షిట్జూ ఫ్లాటులో బాగానే ఇముడుతుంది. పగ్ కొనమని మాత్రం నేనెవరికీ చెప్పను. మనసు దానిమీదే ఉంటే, ఎవరో వదిలేసిన పగ్‌ను తెచ్చుకుని బాగా చూసుకోండి.

ముక్కు తర్వాత బొచ్చు. సైబీరియన్ హస్కీని చుక్చీ ప్రజలు మంచు మీద బళ్లు లాగించడానికి పెంచారు. పైన గరుకు వెంట్రుక, కింద ఉన్నిలాంటి దట్టమైన పొర. గచ్చిబౌలి టవర్లలో ఇప్పుడు హస్కీలు బాగానే కనిపిస్తున్నాయి. ఏసీ ఇరవైనాలుగు గంటలూ వేస్తామంటారు. సరే, గది చల్లబడుతుంది. మరి రోజుకు మైళ్లకొద్దీ పరిగెత్తాలని రాసిపెట్టి ఉన్న ఆ కాళ్ల సంగతి? మే నెలలో దాన్ని బయటికి తీసుకెళ్లగలిగేది తెల్లవారుజామున ఒక గంట. మిగతా రోజంతా తలుపు సందులు గోకుతూ, ఊళ పెడుతూ గడుపుతుంది. ఎండాకాలం కదా అని గుండు గీయించేవాళ్లున్నారు. ఆ పని అస్సలు చేయొద్దు. రెండు పొరల బొచ్చు చలినే కాదు, ఎండనూ కొంత ఆపుతుంది. గీసేస్తే చర్మం నేరుగా కాలుతుంది, మళ్లీ వచ్చే బొచ్చు సరిగ్గా రాకపోవచ్చు కూడా.

బ్రీడ్ పేరు స్వభావం చెప్పదు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒంటికి సంబంధించినవి. మూతి, బొచ్చు, బరువు, వెన్ను ఎలా ఉంటాయో బ్రీడ్ పేరును బట్టి నమ్మకంగా చెప్పొచ్చు. స్వభావం దగ్గరికొచ్చేసరికి ఆ పేరు అంతగా పనికిరాదు. 2022లో సైన్స్ పత్రికలో అమెరికా పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో బ్రీడ్‌తో ముడిపెట్టగలిగింది సుమారు 9 శాతమే. మాట వినే గుణం, ఊళ పెట్టడం లాంటి కొన్నిటిలో బ్రీడ్ ప్రభావం కాస్త ఎక్కువ. కోపం, భయం లాంటి వాటిలో మరీ తక్కువ. "లాబ్ ఎవరినీ కరవదు", "స్పిట్జ్ పిల్లల్ని చూస్తే మీద పడుతుంది" అని మనం కళ్లు మూసుకుని అనేస్తుంటాం. ఆ మాటలు మీరు ఎత్తుకోబోయే ఆ ఒక్క కుక్క గురించి దాదాపు ఏమీ చెప్పవు. దాని తల్లిని చూడండి. మనుషులను చూసి తోకాడిస్తూ దగ్గరికొస్తుందా, మంచం కింద దూరుతుందా? పిల్ల గురించి బ్రీడ్ పేరు కంటే అదే ఎక్కువ చెబుతుంది. తల్లిని చూపించనివాళ్ల దగ్గర కొనొద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నెల పిల్లను చేతిలో పెడుతున్నారంటే అక్కడ్నుంచి వచ్చేయండి.

బీగిల్ సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఫ్లాట్లలో ఎక్కువ గొడవలు దాని గొంతు వల్లే. కుందేళ్ల వాసన పట్టి, పొదల్లో ఎక్కడో ఉన్న వేటగాడికి వినిపించేలా అరవడం దాని పూర్వీకుల ఉద్యోగం. ఆ అరుపు మైదానం దాటి వినిపించడానికి తయారైంది, ఇక మన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దానికి ఏపాటి? గుంపుగా బతికిన జాతి కాబట్టి ఒంటరితనం అసలు పడదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున తొమ్మిదికి హైటెక్ సిటీ వైపు వెళ్లిపోయే ఇంట్లో బీగిల్‌ను ఉంచితే, పక్క ఫ్లాటులో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్లకు నరకం. అంతకంటే ముందు ఆ కుక్కకు నరకం. ఎప్పుడూ జనం ఉండే ఇల్లయితే మాత్రం పిల్లలతో దాని ఆట చూడముచ్చటగా ఉంటుంది.

లాబ్రడార్‌తో మాకు పదకొండేళ్ల అనుబంధం. ఎదిగితే 30 కిలోల దగ్గర ఉంటుంది, రోజుకు రెండు పూటలా గట్టి నడక కావాలి, రెండేళ్లొచ్చేదాకా చెప్పులు, రిమోట్లు, తలుపు మూలలు ఏవీ మిగలవు. ఇవన్నీ సర్దుకోవచ్చు. మమ్మల్ని దెబ్బతీసింది దాని ఆకలి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో కనిపెట్టారు: లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కల్లో ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుంది. ఎంత తిన్నా తిన్నట్టు అనిపించదు. మా అత్తగారు భోజనానికి కూర్చుంటే ఎదురుగా కూర్చుని, కనురెప్ప వేయకుండా కంచం వంకే చూసేది. "పాపం, దానికేం పెట్టట్లేదా మీరు?" అంటూ ఆవిడ పప్పన్నం ముద్ద, తర్వాత నెయ్యి దోసె ముక్క. ఏడాదిలో ఆరు కిలోలు పెరిగింది. వెనక కాళ్ల కీళ్లు ముందే బలహీనంగా ఉండే జాతి, పైగా నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద లేవబోయి జారి చతికిలబడేది. చివరి రెండేళ్లూ ఇల్లంతా పాత జంపఖానాలు పరిచి పెట్టాం. ఎదిగే వయసు నుంచే పరిచి, ఆ ముద్దలు ఆపి ఉంటే దానికి నొప్పి తగ్గేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరైనా లాబ్ తెస్తున్నామంటే నేను ముందు అడిగేది ఇంట్లో పెద్దవాళ్లున్నారా అని. ఉంటే వాళ్లను కూర్చోబెట్టి ఈ జన్యువు సంగతి చెప్పమంటాను. పనిలో పనిగా ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషమని కూడా.

డాక్స్‌హండ్‌కు పొడుగు వెన్ను, పొట్టి కాళ్లు. సోఫా మీంచి దూకినా, లిఫ్టు లేని బిల్డింగ్‌లో రోజూ మెట్లు దిగినా వెన్నుపూసల మధ్య డిస్కు జారే ప్రమాదం దానికి ఎక్కువ. మెట్లున్న ఇంటికి వద్దు. ఇక మన చిన్నప్పుడు కాలనీ కాలనీకీ కనిపించిన తెల్లటి పొమేరియన్. అది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన రకం కాబట్టి ఆ బొచ్చుతోనే మన వాతావరణానికి సర్దుకుంది. ఐదు నుంచి పది కిలోల చిల్లర ఉంటుంది, చాలా తెలివైనది. డోర్‌బెల్ మోగితే గుడికి గంట కట్టినట్టు అరుస్తుంది, ఆ ఒక్కటి చిన్నప్పుడే నేర్పుకోవాలి. పెద్దవాళ్లుండే ఫ్లాటుకు కొని తెచ్చే బ్రీడ్ ఏదని అడిగితే నేను చెప్పే పేరు ఇదే.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరు?

రెండు నెలల పిల్ల రెండు, మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఆరేడు వారాల వయసులో మొదలుపెట్టిన టీకాలు పదహారు వారాల దాకా సాగుతాయి. అవి పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట దాన్ని కింద వదలకూడదు, పార్వో అనే వైరస్ సోకితే పిల్ల దక్కడం కష్టం. అంటే రెండు నెలలపాటు ఆ పనులన్నీ బాల్కనీలో, వార్తాపత్రికల మీద. పగలు మనిషి లేని ఇంట్లో ఇది కుదరదు. సెలవు పెట్టి వారంలో నేర్పేస్తామనుకునేవాళ్లు నెలలోపే నీరసపడిపోతారు. అలాంటి ఇంటికి రెండేళ్లు దాటిన కుక్క మేలు. నాలుగైదు గంటలు ఒంటరిగా ఉండటం దానికి వచ్చు, దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఏది తెస్తున్నామో తెలిసే తెచ్చుకుంటాం.

ఎదిగిన కుక్కను తెచ్చుకోవాలంటే ఈ ఊళ్లో ముందు కనిపించేది ఇండీనే. అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల దగ్గర ఇంటికోసం ఎదురుచూసేవాటిలో ఎక్కువ ఇవే. పొడుగు మూతి, పొట్టి వెంట్రుక, 15 నుంచి 20 కిలోల బరువు. ఈ ఎండకు ఈ నేలే తీర్చిన ఒళ్లది. వంశపారంపర్య రోగాలు తక్కువ. కానీ ఇండీ అంటే ఏ శ్రమా లేదనుకోవద్దు. చుట్టూ ఏం జరుగుతోందో కనిపెట్టుకుని ఉండే జాతి కాబట్టి కారిడార్‌లో ప్రతి అడుగునూ పట్టించుకుంటుంది. ఏడెనిమిది నెలల వయసులో కొత్తవాళ్లంటే బెదరడం మొదలవుతుంది. ఆ లోపే లిఫ్టు, సైకిళ్లు, గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ అబ్బాయిలు, అన్నీ మెల్లగా పరిచయం చేయాలి. మావాడికి వినాయక నిమజ్జనం డప్పులు అలవాటవడానికి మూడేళ్లు పట్టింది.

మన తెలుగు నేల కుక్కలంటే అభిమానంతో జొనంగి కోసం అడిగేవాళ్లు కూడా ఈ మధ్య తగులుతున్నారు. కృష్ణా, గోదావరి తీరాల్లో పెరిగిన అరుదైన రకం అది. గొయ్యి తవ్వుకుని అందులో పడుకోవడం దానికి ప్రాణం. ఆ ప్రాణానికి బాల్కనీలో మట్టి ఎక్కడిది? తోటా పొలమూ ఉన్నవాళ్ల దగ్గర అది బతకాలి.

ఏ కుక్కైనా నడక తప్పదు. మార్చి దాటితే పొద్దున ఏడు లోపే. సాయంత్రం సూర్యుడు దిగాక కూడా తారు రోడ్డు గంటలకొద్దీ వేడి వదులుతూనే ఉంటుంది. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే కుక్క పాదం కూడా అక్కడ పెట్టకూడదు. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే పార్కు తెరిచింది. దగ్గర్లో ఉన్నవాళ్లకు పొద్దున పూట అదొక వరం. వానలు మొదలయ్యాక ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. పిడుదు జ్వరం మన ఊళ్లో మామూలే గానీ ఆలస్యంగా పట్టుకుంటే ప్రాణం తీస్తుంది.

గోడ అవతలివాళ్లు

అసోసియేషన్ కుక్కలు వద్దని తీర్మానం చేస్తే ఏం చేయాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది: మెజారిటీ తీర్మానంతోనైనా సరే, అసోసియేషన్ పెంపుడు కుక్కలను నిషేధించకూడదు. లిఫ్టు వాడకాన్నీ ఆపకూడదు. మన వంతుగా మున్సిపల్ కార్పొరేషన్‌లో రిజిస్ట్రేషన్, ఏటా రేబిస్ టీకా, మెడకు లీష్ (పట్టుకునే తాడు), అది బయట చేసింది ఎత్తడానికి వెంట ఒక కవరు. అద్దె ఇల్లయితే కుక్క మాట ముందే అగ్రిమెంట్‌లో రాయించుకోండి, ఆరు నెలల తర్వాత ఇల్లో కుక్కో తేల్చుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. రాట్‌వైలర్, పిట్‌బుల్ తెద్దామనుకునేవాళ్లకు ఒక మాట. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఆ ఉత్తర్వును కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది. చట్టం మాట ఎలా ఉన్నా, మొదటిసారి కుక్కను పెంచేవాళ్లు అంత బలమున్న జంతువును వందల మంది తిరిగే కారిడార్‌లోకి తేవద్దనే నా మనవి.

లిఫ్టులో కుక్కను చూసి వెనక్కి తగ్గేవాళ్లను చూసి విసుక్కోవద్దు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో చిన్న పిల్లవాడు చనిపోయాడు. ఆ వీడియో ఈ ఊళ్లో ప్రతి తల్లి ఫోన్‌లోకీ వచ్చింది. ఆ భయానికి కారణం ఉంది. మన కుక్క మంచిదని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఆ లిఫ్టును వాళ్లకు వదిలేసి తర్వాతది ఎక్కితే పోయేది రెండు నిమిషాలు.

కింది ఫ్లోర్ అమ్మాయికి ఇదంతా ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. బర్త్‌డేకి కుక్కపిల్ల రాలేదు. నాలుగు నెలల తర్వాత, నిజాంపేటలో ఒక కుటుంబం అమెరికా వెళ్లిపోతూ ఆరేళ్ల స్పిట్జ్‌ను ఎవరికైనా ఇవ్వాలని చూస్తుంటే వీళ్లు వెళ్లి మూడు ఆదివారాలు దానితో గడిపారు. నాలుగో ఆదివారం దాని పాత దుప్పటీ, గిన్నెతో సహా తెచ్చుకున్నారు. మొదటి వారమంతా అది తలుపు దగ్గరే పడుకుంది. పాప కూడా తన హోంవర్క్ పుస్తకాలు తెచ్చుకుని తలుపు దగ్గరే కూర్చుంది. మొన్న లిఫ్టులో కలిశారు. పాప లీష్‌ను రెండు చుట్లు చేతికి చుట్టుకుని మూలకు నిలబడింది. కుక్క ఆమెకూ గోడకూ మధ్య కూర్చుని ఉంది. రెండో ఫ్లోర్ తాతగారు కర్ర పట్టుకుని నెమ్మదిగా దిగేదాకా రెండూ కదల్లేదు.